నేల టికెట్టోళ్ల లెక్క

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఒక పాత సినిమా హాలు మూతపడితే చాలు, మన పట్టణాల్లోని పెద్దమనుషులకు కన్నీళ్లు ఆగవు. ఎవరు కట్టించినారు, మొదట ఏ సినిమా ఆడింది, ఏది వంద రోజులు ఆడింది, ఏ హీరో వచ్చి షీల్డులు ఇచ్చిపోయినాడు, అన్నీ తవ్వి తీస్తారు. కట్టించినాయన ఫోటో వేస్తారు. గోలీసోడా, మురుకులు, ఇంటర్వెల్ గంట, అన్నిటినీ తలచుకుంటారు. కడాన తప్పకుండా ఒక మాట రాస్తారు. కులం లేకుండా, మతం లేకుండా జనమంతా ఒక కప్పు కింద కూర్చున్న చోటు అదొక్కటే అని.

నా తగాదా ఆ కడాన మాటతోనే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే అయ్యవారిని. మా మాదిగపల్లెలో మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాయన తిరుపతిలో ఒక సినిమా హాల్లో 1991 నుంచి 2013 దాకా 22 ఏండ్లు పనిచేసినాడు. పోస్టర్లు అంటించినాడు, హాలు ఊడ్చినాడు, మరుగుదొడ్లు కడిగినాడు. ఆ హాలు పేరు నేను రాయను. రాస్తే తగాదా ఆ ఒక్క హాలుదై పోతుంది. ఇది అన్ని హాళ్ల సంగతి. హాలు చరిత్రను ఓనరు గది నుంచి రాయడం మనకు అలవాటైపోయింది. చీపురు పెట్టే గది నుంచి రాస్తే ఎట్లుంటుందో చూడండి.

చరిత్ర అనేసరికి అందరూ మద్రాసు నుంచి మొదలుపెడతారు. నేనూ అక్కడి నుంచే వస్తా. ఎందుకంటే చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు మనది మద్రాసు ప్రెసిడెన్సీ. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసు మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపేవాడు. ఆ స్టూడియో తాకట్టు పెట్టి 30 వేల రూపాయలకు బొమ్మా మాటా కలిపి చూపించే మిషను తెప్పించినాడు. ఊరూరా డేరా వేసి ఆడించినాడు. సిలోనుకు, బర్మాకు కూడా తీసుకపోయినాడు. 1914లో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీ హాలు కట్టించినాడు. దక్షిణాదిలో మన దేశస్థుడు కట్టించిన తొలి సినిమా హాళ్లలో అదొకటి. తర్వాత క్రౌన్, గ్లోబ్ హాళ్లు వచ్చినాయి. తెలుగు గడ్డ మీదికి వస్తే 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా కట్టించినాడు.

వీళ్ల సాహసాన్ని నేను తక్కువ చేయను. ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టి తెల్లగుడ్డ మీద బొమ్మలాడించడం మాటలు కాదు. వెంకయ్య పేరు మీద ప్రభుత్వం అవార్డు పెట్టింది, మంచిదే. అయితే ఆ మిషను పెట్టెలు నెత్తిన మోసిందెవరు? డేరా గుంజలు పాతిందెవరు? ఊర్లో దండోరా వేసిందెవరు? ఆ కాలంలో ఏ ఊర్లోనైనా తప్పెట కొట్టేది ఎవరో మీకు తెలీదా? మా తాతల తప్పెట లేకుండా ఏ టెంటుకు జనం వచ్చినారు? ఈ ప్రశ్నకు జవాబు ఏ సినిమా చరిత్ర పుస్తకంలోనూ లేదు.

అయినా ఒక మాట ఒప్పుకుంటా. హాలు తలుపు మనకు గుడి తలుపు కంటే ముందు తెరుచుకుంది. గెయిటీ కట్టింది 1914. మద్రాసు రాష్ట్రంలో గుడి ప్రవేశం మన హక్కని చట్టం వచ్చింది 1947. నడుమ 33 ఏండ్లు. ఏడుకొండల కింద ఉండే మనిషికి ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. టూరింగు టాకీసుల్లో టికెట్లు ఇచ్చే ముందర ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో వేసేవాళ్లు. ఆ పాట వినపడితే మా పల్లెలో ఆడోళ్లు సంగటి గబగబా దించి పిలకాయల్ని చంకనేసుకుని పరిగెత్తేవాళ్లంట. మా అవ్వ నవ్వతా చెప్పేది, "ఆ సామి పాట మమ్మల్ని పిలిచింది గుడికి కాదురా, టెంటుకి" అని.

సిలోను తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో ఈ సంగతే రాసినాడు. తమిళులందరూ ఒక కప్పు కింద కూర్చున్న మొదటి చోటు సినిమా హాలు అనీ, అక్కడ ఎవరెక్కడ కూర్చోవాలనేది పుట్టుక చెప్పదనీ, జేబులో డబ్బు చెప్తుందనీ ఆయన వాదం. మన పెద్దమనుషులు ఇప్పుడు పట్టుకుని వేలాడే మాటకు మూలం అట్లాంటిదే. పండితుడి మాటలో సగం నిజముంది. మిగతా సగం మా పెదనాయన చెప్పినాడు.

మా పెదనాయన మద్రాసులో ఇండ్ల పనికి పోయి నాలుగు డబ్బులు సంపాదించుకుని వచ్చినాడు. పాకాల వైపు మా పల్లెకు రెండు మైళ్ల దూరంలో టెంటు వుండేది. కొత్త చొక్కా వేసుకుని, బెంచి టికెట్టు కొన్నాడు. నేల కాదు, బెంచి. లోపలికి పోతే గేటు కాడ మనిషి అడ్డం నిలబడి, "రెడ్డోళ్ల ఆడోళ్లు వస్తారు, నువ్వు ముందరికి పోరా" అన్నాడు. మా పెదనాయన టికెట్టు చూపించినాడు. వాడు టికెట్టు చూడలేదు, మనిషిని చూసినాడు. ఆ రాత్రి మా పెదనాయన చేతిలో బెంచి టికెట్టు పెట్టుకుని నేల్లో కూర్చుని సినిమా చూసినాడు. జేబు మాట చెల్లేది ఊరు తెలీని చోట. నువ్వెవరి కొడుకువో తెలిసిన చోట జేబు మాట చెల్లదు.

పట్టణం హాల్లో ఊరు తెలీదు, నిజమే. మా జనం సినిమాకు తిరుపతికీ చిత్తూరుకూ ఎగబడి వచ్చింది కొంత అందుకే. అయితే పట్టణం హాలు ఎట్ల కట్టినారో ఒకసారి తలచుకోండి. రోడ్డు వైపు మొఖం బాల్కనీ వాళ్లది. మెట్లు, అద్దాలు, కూల్ డ్రింకుల అంగడి. పక్క సందు నేల వాళ్లది. రెండు గోడల నడుమ ఒక మనిషి పట్టేంత దారి. ఎండకు కప్పు లేదు. తోసుకుంటా తొక్కుకుంటా పోతే కడాన గోడకు చెయ్యి దూరేంత బొక్క. అందులో చెయ్యి పెడితే లోపల ఇంకో చెయ్యి డబ్బు తీసుకుని టికెట్టు పెట్టేది. ఇచ్చేవాడి మొగం మనకు కనపడదు, మన మొగం వాడికి కనపడదు. కులం అడగలేదంటే మొగం కనపడనందుకే. లోపల మళ్లీ నేలకూ బెంచికీ నడుమ కటాంజనం. బాల్కనీ వాళ్లు పోయే దారిలో మేము ఎదురుపడకుండా మా గేటు వేరే, వాళ్ల గేటు వేరే. కప్పు ఒక్కటే, ఒప్పుకుంటా. మా ఊరికీ మా పల్లెకూ ఆకాశం కూడా ఒక్కటే.

ఇదంతా పాత కాలం అంటారు. మా నాయన హాల్లో పనికి చేరిన ఏడు 1991. ఆ ఏడే జులై 7న గుంటూరు జిల్లా చుండూరు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరసలో కూర్చున్న పెద్దకులం పిల్లోడికి తగిలింది. చీకట్లో కాలు తగలని సినిమా హాలు ఎక్కడన్నా వుందా? మన కాళ్లు వాళ్లకూ వాళ్ల కాళ్లు మనకూ ఎన్నిసార్లు తగిలుంటాయి? ఆ కాలు దళితుడిది అయినందుకు తగాదా లేచింది. ఊరు కట్టు కట్టింది, పనులు ఆపేసింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపినారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేసినారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదానికి మనోళ్లు ఏండ్ల తరబడి కొట్లాడినారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఒక్కో ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టేసింది.

పాత హాళ్ల గురించి రాసేవాళ్లలో ఎవరన్నా చుండూరు హాలు గురించి రాసినారా? వంద రోజులు ఆడిన సినిమాల జాబితా రాస్తారు. ఒక కాలు తగిలినందుకు ఎనిమిది ప్రాణాలు పోయిన కథ సినిమా హాలు చరిత్రలోకి రాదా? అది దాడుల చరిత్ర అని పక్కన పెడతారు. మాకు అట్ల రెండు పుస్తకాలు లేవు. మేము సినిమా చూసిన చోటూ, మమ్మల్ని కొట్టిన చోటూ ఒక్కటే.

తెర మీద సంగతి కూడా ఒక్క ముక్క చెప్తా. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసినాడు. మంచి సినిమా, ధైర్యమైన సినిమా. చల్లపల్లి జమీందారు పెట్టుబడి పెట్టినాడు. మాలపిల్లగా కాంచనమాల నటించింది. ఆ కాలంలో మాలపిల్ల వేషానికి మాలపిల్ల దొరకలేదు. దొరికితే ఏమయ్యేదో మలయాళ దేశం చెప్తుంది. 1930 ప్రాంతంలో తిరువనంతపురంలో మలయాళం మొదటి సినిమా 'విగతకుమారన్' ఆడింది. అందులో దళిత పిల్ల పి.కె. రోసీ నాయర్ స్త్రీ వేషం వేసింది. హాల్లో పెద్దకులాలోళ్లు రాళ్లేసినారు, ఆ పిల్లను ఊరు వదిలిపెట్టి పారిపోయేట్టు చేసినారు. తెర మీద మన వేషం వాళ్లు వేస్తే సంస్కరణ. వాళ్ల వేషం మనం వేస్తే రాళ్లు. ఆ రాళ్లు పడిన చోటు కూడా సినిమా హాలే.

ఇంక మా తిరుపతికి వస్తా. ఈ ఊర్లో ఆటో ఎక్కి గ్రూప్ థియేటర్స్ అంటే చాలు, ఎక్కడికో చెప్పే పనిలేదు. హాళ్లే ఊరికి గుర్తులు. రాజకీయం కూడా ఆ హాళ్ల కాడి నుంచే నడిచొచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు గుడివాడలోనూ తిరుపతిలోనూ పోటీ చేసి రెండు చోట్లా గెలిచి తిరుపతిని వదులుకున్నాడు. 2008 ఆగస్టు 26న చిరంజీవి తిరుపతిలోనే ప్రజారాజ్యం పార్టీ పెట్టి, 2009లో తిరుపతి నుంచే గెలిచినాడు. 2011లో ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. ఏ కటౌటు ఎత్తుకైనా సారువ కట్టింది, పాలు పోసింది, దండ వేసేదానికి పైకెక్కి కిందపడి నడుములు విరగ్గొట్టుకుంది ఎక్కువమంది మా వాడల పిల్లోళ్లు. సంఘం అధ్యక్షుడు ఎవరు, కటౌటు ఎక్కేవాడు ఎవరు అని ఏ హాలు కాడికైనా పోయి అడగండి, పేర్లు చూస్తే కులం తెలిసిపోతుంది. నేల టికెట్టు మా పిల్లోళ్లకు ఇచ్చినారు. పార్టీ టికెట్టు మాత్రం బాల్కనీ దాటి కిందికి దిగలేదు, రిజర్వేషను వున్న చోట తప్ప.

ఇప్పుడు చీపుర్ల గది సంగతి. గురువారం వస్తే మా నాయనకు నిద్ర లేదు. శుక్రవారం పొద్దునకు ఊరంతా కొత్త బొమ్మ కనపడాల. మైదా పిండి ఉడకబెట్టి, ఆవులు నాకకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు. ఆ మైలుతుత్తానికి చేతులు పగిలి నీలంగా తిరిగేవి. సైకిలుకు ముందర బకెట్టు, వెనక పోస్టర్ల కట్ట, భుజాన నిచ్చెన. రాత్రి రెండో ఆట వదిలినాక హాలు ఊడ్చేది. నేను ఐదో తరగతిలో వున్నప్పుడు నేనూ చీపురు పట్టినా. శెనక్కాయ తొక్కలు, బీడీ ముక్కలు, తమలపాకు ఉమ్ములు, పిలకాయల ఉచ్చలు. బాల్కనీలో కూడా ఉమ్ములే వుండేవి. కాకపోతే అక్కడ పాప్ కార్న్ వాసన వేసేది.

హాల్లో పనులకు కూడా నేల, బెంచి, బాల్కనీ వున్నాయి. కౌంటర్లో టికెట్లు ఇచ్చేది ఓనరు బంధువులు. మేనేజరు వాళ్ల కులపాయన. ఆపరేటరు, గేటు మనుషులు నడుమ కులాలు. చీపురు, మరుగుదొడ్లు, పోస్టర్లు మావి. ఆపరేటరు గదిలోకి మా నాయన 22 ఏండ్లలో ఊడ్చేదానికి తప్ప పోలేదు. ఆపరేటరు నాగా పెట్టినప్పుడు రీలు ఎట్ల ఎక్కించాలో చూసి చూసి మా నాయనకు వచ్చుననీ, ఎక్కించమంటే ఎక్కిస్తాననీ అంటే, "నీకెందుకు రా ఆ పని" అన్నారంట. ఇంతకంటే కుల వ్యవస్థ గురించి నేను బడిలో ఏం పాఠం చెప్పాల?

2013లో హాలు మూసేసినారు. మా నాయన చేతిలో ఒక నెల జీతం, 4,500 రూపాయలు పెట్టినారు. వచ్చి నులకమంచం మీద కూర్చుని, "మంచోళ్లు రా, ఒక నెల ఎక్కువే ఇచ్చినారు" అన్నాడు. వాళ్లు మంచోళ్లో కాదో నాకు తెలీదు. చట్టం మాత్రం తెలుసు, చదువుకున్నా గనక.

1981లో పార్లమెంటు సినిమా కార్మికుల కోసం, సినిమా హాలు కార్మికుల కోసం ఒక చట్టం చేసింది. ఐదుగురు, అంతకు పైన పనిచేసే ఏ హాలుకైనా ప్రావిడెంట్ ఫండు చట్టం, గ్రాట్యుటీ చట్టం వర్తిస్తాయని అందులో వుండేది. మా నాయన పనికి చేరేటప్పటికే ఆ చట్టానికి పదేండ్లు. గ్రాట్యుటీ లెక్క ఐదో తరగతి పిలకాయ కూడా కట్టగలడు. కడపటి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, చేసిన ఏండ్లతో గుణించాల. 4,500ను 26తో భాగించి 15తో గుణిస్తే 2,596. దాన్ని 22తో గుణిస్తే 57 వేల పైచిలుకు. ఆ 57 వేలు మా నాయన దానంగా అడిగేది కాదు. మైలుతుత్తంలో చేతులు నానబెట్టి సంపాదించుకుంది. పోయి అడిగితే, పోస్టర్ల మనిషి మా కింద లేడు, రోజు కూలీ కింద లెక్క, రిజిస్టర్లో పేరు లేదు అన్నారు. 22 ఏండ్లు రోజూ వచ్చిన మనిషి రోజు కూలీ అంట! ఇక్కడ తగాదా ఒక్క ఓనరుతో లేదు. నాకు తెలిసిన ఊడ్చేవాళ్లలో, పోస్టర్ల వాళ్లలో హాలు రిజిస్టర్లో పేరున్నవాణ్ణి నేను చూడలేదు. చరిత్రలో పేరు లేకపోవడం రిజిస్టర్లో పేరు లేకపోవడంతోనే మొదలవుతుంది.

ఆ హాలు చోట ఇప్పుడు కల్యాణ మండపం వుంది. ఊడ్చేది మళ్లీ మనోళ్లే.

హాళ్లు ఎందుకు మూతపడతా వుండాయి అంటే టీవీ వచ్చింది, ఫోన్లు వచ్చినాయి, మల్టీప్లెక్సు వచ్చింది అంటారు. హాళ్లన్నీ నలుగురి లీజుల్లోకి పోయినాయని, మిగిలిన సొంత హాళ్లకు సినిమా ఇవ్వరని కూడా అంటారు. అన్నీ నిజమే. విడి హాలు ఓనరు కష్టం నాకు తెలుసు. అయితే హాలు చచ్చిపోకముందే అందులో నేల చచ్చిపోయింది. దాన్ని ఎవరూ మోసుకుపోలేదు, ఎవరూ ఏడవలేదు. హాలు బాగు చేస్తామని చెప్పి నేల తీసి కుర్చీలేసినారు, కుర్చీలకు మెత్తలేసినారు, మెత్తలకు రేటు వేసినారు. మా అవ్వ ఇసక కుప్ప చేసుకుని, ముందరోడి తల అడ్డం రాకుండా దానిమీద కూర్చుని, కాళ్లు చాపుకుని చూసిన చోటు పోయింది. 

2021 ఏప్రిల్ 8న రాష్ట్ర ప్రభుత్వం 35 నంబరు జీవో ఇచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అడుగు టికెట్టు 5 రూపాయలు అని పెట్టింది. సినిమా లోకమంతా గగ్గోలు పెట్టింది. ఎన్నో హాళ్లు మూసి పెట్టినారు. 5 రూపాయలకు కరెంటు బిల్లు కూడా రాదు, నిజమే. 5 రూపాయలకే ఆడించమని నేనూ అనను. అయితే ఆ ఏడాది పాటు మాట్లాడిందెవరు? హీరోలు మాట్లాడినారు, నిర్మాతలు మాట్లాడినారు, మంత్రులు మాట్లాడినారు. ఎవరి కోసం ఆ 5 రూపాయలు అన్నారో ఆ మనిషిని పిలిచి, "నీకెంత అయితే కుదురుతుంది?" అని ఒక్కరూ అడగలేదు. 2022 మార్చి 7న కొత్త జీవో వచ్చింది. అడుగు రేటు 20, పై రేటు 250 అయింది. ఆ తర్వాత పెద్ద సినిమాకు పెద్ద రేటు అనే దారి తెరుచుకుంది.

2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందు ఆటకు మన రాష్ట్రంలో టికెట్టు 800 రూపాయలు. ఆ హీరో మాట్లాడింది మా చిత్తూరు యాస. ఆ కథ నడిచేది మా శేషాచలం ఎర్రచందనం చుట్టూ. అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయినారు. మా నోటి మాట, మా కొండ, కూలోడి బతుకు, మూడూ తీసుకపోయి రంగులేసి మాకే 800కు అమ్మినారు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఒక మనిషి ఒక టికెట్టు కొనాలంటే దగ్గర దగ్గర మూడు రోజులు మట్టి తవ్వాల.

కొండమీద కూడా ఇదే వరస కదా. ఉచిత దర్శనం క్యూలో గంటలు గంటలు నిలబడేది ఎవరు, 300 రూపాయల టికెట్టుతో పోయేది ఎవరు, పదివేల విరాళం ఇచ్చి దగ్గర దర్శనానికి పోయేది ఎవరు, తిరుపతిలో వుండేవాళ్లకు నేను చెప్పాల్నా? 1947లో చట్టం గుడి తలుపు తెరిచింది. తెరిచిన తలుపు ముందర నేల, బెంచి, బాల్కనీ వచ్చి కూర్చున్నాయి. కులం పోయిన చోటికి డబ్బు వచ్చిందంటారు. పోయి చూస్తే రెండూ పక్కపక్కనే కూర్చోనుంటాయి.

రెండూ పక్కపక్కనే వుంటాయనేదానికి ఇంకో సాక్ష్యం కూడా చూడండి. 2023 మార్చి 30న చెన్నైలో రోహిణి హాలు కాడికి నరికురవ కుటుంబం ఒకటి 'పత్తు తల' సినిమాకు వచ్చింది. మా చిత్తూరు వైపు నక్కలోళ్లు అంటామే, వాళ్లు. తమిళనాడులో వాళ్లను ఎస్టీ జాబితాలో చేర్చింది ఆ ఏడు జనవరిలోనే. చేతిలో టికెట్లు వున్నాయి. అయినా లోపలికి రానీలేదు. ఆ సంగతి అందరూ ఫోన్లలో చూసి గోల చేసినాక, పిలకాయలకు తగిన సినిమా కాదని ఆపినామని చెప్పినారు, తర్వాత రానిచ్చినామన్నారు. కేసు పడింది. మా పెదనాయన బెంచి టికెట్టుకూ ఆ టికెట్లకూ ఏం తేడా? నడుమ యాభై ఏండ్లు. ఇప్పుడు ఏసీ కూడా వుంది. గేటు కాడ నిలబడి టికెట్టు చూడకుండా మనిషిని చూసేవాడు మాత్రం అట్లే వున్నాడు.

మనోళ్లే కొందరు నన్ను అడుగుతారు. "అన్నా, మనకు మిగిలిన సంతోషం అదొక్కటే. దాన్నీ తిడితే ఎట్ల?" అని. నేను సినిమాను తిట్టడం లేదు. పొద్దంతా ఎవరి చేలోనో వంగి పనిచేసిన మనిషి, చీకట్లో కూర్చుని, ఎవరి ముందూ లేచి నిలబడే పనిలేకుండా మూడు గంటలు నవ్వి, ఏడ్చి, ఈలేసి, తెర మీదికి చిల్లర విసిరి ఇంటికి పోయినాడంటే అది చిన్న సంగతి కాదు. మా అవ్వ జన్మలో గట్టిగా నవ్వింది టెంట్లోనే అని మా నాయన చెప్పేవాడు. ఊర్లో గట్టిగా నవ్వితే అడిగేవాళ్లు వుండేవాళ్లు. ఆ నేల మాది. మా చెమటతో, మా చిల్లరతో, మా ఈలలతో హాలు నిలబడింది. బాల్కనీలో ఎన్ని కుర్చీలు, నేల్లో ఎంత జనం? రెండో వారం, మూడో వారం హాలు నిండింది ఎవరితో? వంద రోజుల షీల్డు ఎవరు ఆడించినారు? అందుకే ఆ నేలను మీ తీపి జ్ఞాపకంలో కలిపేస్తే ఒప్పుకోను. మీరు బాల్కనీ నుంచి చూసిన ఈలలు వేరే, ఈలేసిన నోరు వేరే.

మా బడిలో ఎనిమిదో తరగతి పిలకాయల్ని అడిగినా, హాల్లో సినిమా చూసినోళ్లు చెయ్యెత్తండి అని. నలుగురు ఎత్తినారు. ఎత్తిన నలుగురిలో మా వాడ పిలకాయ ఒక్కడు కూడా లేడు. వాళ్లు సినిమాలు చూడరా అంటే చూస్తారు, అమ్మ ఫోన్లో, పగిలిన అద్దంలో, ఒక్కొక్కరే. పదిమందితో కలిసి నవ్వేది, పదిమంది నడుమ కూర్చునేది వాళ్లకు పోయింది. వందేండ్ల కింద గుడి కంటే ముందు తెరుచుకున్న తలుపు, ఈ పిలకాయలకు మళ్లీ మూసుకుంటా వుంది. ఈసారి కులం పేరు చెప్పి మూయలేదు. రేటు చెప్పి మూసినారు. దీని మీద ఏడవండి, నేనూ మీతో కూర్చుని ఏడుస్తా.

కాబట్టి పెద్దమనుషులారా, నేను అడిగేది నాలుగు సంగతులు. హాలు చరిత్ర రాసేటప్పుడు కట్టించినాయన పేరు పక్కన ఊడ్చినోళ్ల పేర్లు, పోస్టర్లు అంటించినోళ్ల పేర్లు, మరుగుదొడ్లు కడిగినోళ్ల పేర్లు కూడా రాయండి. హాలు మూసేటప్పుడు చట్టం ప్రకారం వాళ్లకు రావాల్సింది లెక్క కట్టి ఇప్పించండి. లేబరు ఆఫీసు ఈ పని చేయకపోతే ఎందుకు చేయలేదో అడగండి. టికెట్టు రేటు తేల్చే ఏ కమిటీలోనైనా నేల్లో కూర్చున్న మనిషిని కూర్చోబెట్టండి. చుండూరు హాలును తెలుగు సినిమా హాళ్ల చరిత్రలో రాయండి, ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో రాసే పేజీలోనే.

ఇవి చేయకుండా జనమంతా ఒక కప్పు కింద కూర్చున్నారని మాత్రం రాయొద్దు. ఆ కప్పు కింద ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు కూర్చోకుండా ఊడ్చినారో చూసినవాళ్లు ఇంకా బతికే వున్నారు. పోయి అడగండి. మా నాయన లాంటోళ్లకు రిజిస్టరు అక్కర్లేదు. ఏ ఏడు ఏ బొమ్మ ఆడింది, ఎన్ని రాత్రులు ఊడ్చినారు, ఎంత రావాల, ఎంత వచ్చింది, అంతా నోటికే చెప్తారు.